ఊరికే దొరికిన ఏనుగు

మొన్న మంగళగిరి వెళ్ళే బస్సులో నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల ఫోనులో చదరంగం ఆడుతోంది. వారధి దాటేదాకా నేను కిటికీలోంచి కృష్ణను చూస్తున్నట్టు నటిస్తూ ఆమె ఆటనే చూశాను. ఏదైనా పావును కాపలా లేకుండా వదిలితే చాలు, ఫోను ఆ గడి చుట్టూ ఎర్రగా ఒక సున్నా చుడుతోంది. పిల్ల నాలుక కరుచుకుని ఎత్తును వెనక్కి తీసుకుని మళ్ళీ ఆడుతోంది. నేను చూస్తున్నానని గమనించి, "కొత్తగా నేర్చుకునేవాళ్ళకి బాగుంటుందండీ ఇది, తప్పు చేస్తే అదే చెప్పేస్తుంది" అంది. "బాగుందమ్మా. ఆ ఎర్ర సున్నా లేని చోట ఏం చేస్తావు?" అన్నాను. ఆ పిల్ల నన్ను కాస్త అనుమానంగా చూసి ఫోను అటు తిప్పుకుంది. ఆ చూపు నాకు బాగా నచ్చింది. మొదటి పాఠం దానంతట అదే వచ్చేసిందనుకున్నాను.

మా చిన్న మావయ్యకు ఆ ఎర్ర సున్నా చూపించి ఉంటే ఫోనును కిటికీలోంచి విసిరేసేవాడు, లేదా విసిరేస్తానని అరగంట ఉపన్యాసం ఇచ్చేవాడు. ఆయన దృష్టిలో అనుమానం ఎవరిది వాళ్ళకే ఉండాలి. పళ్ళు తోముకునే బ్రష్షులాగా అది ఇంకొకరిది వాడుకునే వస్తువు కాదు. మంగళగిరి చేనేత చీరల కొట్టు నడిపిన మనిషి. కొట్టు భాగస్తుడికి అప్పగించాక ఏలూరు కాలువ దగ్గర ఒక అపార్టుమెంటులో, కొట్లోంచి తెచ్చుకున్న పాత పరుపు హాల్లో వేసుకుని, ఆదివారాలు దాని మీద హేతువాద చర్చలు, మిగతా రోజులు దాని మీదే చదరంగం. బోర్డు అట్టది కాదు. ఒక నేతాయన మగ్గం మీద నలుపు, గంధం రంగు గళ్ళతో నేసి ఇచ్చిన గుడ్డ. ఉతికి ఉతికి గళ్ళు ఒక పక్కకు సాగిపోయి, రాజు గడి కన్నా మంత్రి గడి వెడల్పుగా ఉండేది. పావులు కొండపల్లి కర్రవి. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండవు. ఫ్యాను జోరు పెంచితే బంట్లు పడిపోయేవి. అందుకని విజయవాడ ఎండల్లో కూడా మా ఆట జరిగినంతసేపూ ఫ్యాను ఒకటో నంబరు మీదే తిరిగేది. వాదన వేడికి చెమట పట్టిందని వచ్చినవాళ్ళు అనుకునేవారు.

కొత్తగా ఆట నేర్చుకునేవాళ్ళంటే ఆయనకు ప్రాణం. వచ్చినవాళ్ళ చెవిలో ఇంకా పాత ఎత్తులు ఇరుక్కుని ఉండవు కదా అనేవాడు. పేరున్న ఎత్తుగడలేవీ నేర్పేవాడు కాదు. ఒకే ప్రశ్న నేర్పేవాడు. చెయ్యి ఎత్తే ముందు మన పావులన్నిటి మీదా ఒక్కొక్కటిగా చూపు నిలిపి, "దీనికి కాపలా ఎవరు?" అని అడగాలి. అవతలివాడు దీన్ని కొడితే, తిరిగి కొట్టడానికి మనవాడెవరైనా ఉన్నాడా అని. తర్వాత అవతలి పావులనూ అదే అడగాలి. చాలామంది మొదటి సగమే చేస్తారు. అది కూడా తాము కదపబోయే పావు గురించే. నేనూ అంతే. గుర్రాన్ని దర్జాగా ముందుకు దూకించి, అంతదాకా ఆ గుర్రం కాస్తున్న శకటును గాలికి వదిలేసేదాన్ని. "వెళ్ళే చోటు చూసుకున్నావు సరే. వదిలి వచ్చిన చోటు ఎవరు చూస్తారమ్మాయ్, మీ అత్తయ్యా?" అనేవాడు. వంటింట్లోంచి అత్తయ్య, "నాకు అన్నం కాచుకోవడమే సరిపోతోంది, మీ శకటు నాకెందుకండీ" అనేది.

ఆఖరి పాఠం మాత్రం వేరు. అవతలి పావుకు కాపలా లేదు, మన చేతికి అందుతోంది, హాయిగా తీసుకోవచ్చు. అప్పుడు చెయ్యి వెనక్కి పెట్టుకుని కూర్చోవాలి. "వాడికి మతి పోయిందా, లేక నీకు పోబోతోందా, ఈ రెంట్లో ఒకటి తేల్చుకున్నాక ముట్టుకో" అనేవాడు. ఈ పాఠానికి ఒక ఎర ఉండేది. మన ఏనుగును ఊరికే వదిలేస్తాం. దాన్ని తినడానికి అవతలి శకటు వస్తే, అంతదాకా అది మూసి ఉంచిన దారి తెరుచుకుంటుంది. ఆ దారిలో మన మంత్రి నేరుగా రాజు మీదకు పోయి ఆట కట్టేస్తుంది. ఈ ఎరకు పడని కొత్తవాళ్ళను నేను చూడలేదు.

ఆ ప్రశ్ననే ఆయన ఆదివారం చర్చల్లోనూ వాడేవాడు. ఎవరైనా ఫలానా తాయెత్తు పని చేసిందంటే, "ఈ మాటకు కాపలా ఎవరు?" అనేవాడు. పెద్దలు చెప్పారండీ అంటే, "ఆ పెద్దలకు?" అనేవాడు. నేను వ్యాసాలు రాయడం మొదలుపెట్టింది ఆ పరుపు మీద కూర్చునే. నా వ్యాసాలు చదివి తిట్టినవాళ్ళందరూ నిజానికి తిట్టవలసింది ఆయన్ని.

అలాంటి ఇంట్లోకి, చాలా ఏళ్ళ కిందట ఒక ఎండాకాలంలో, ఒక మనిషి వచ్చాడు. నా ఫ్లాటులో గచ్చు తవ్వి టైల్స్ వేయిస్తున్నారని నేను ఆ నెలల్లో మావయ్య ఇంట్లోనే ఉండి, దొంగ బాబాల మీద వ్యాసాల వరుస రాసుకుంటున్నాను. కాషాయం కట్టినవాడు ఆ గుమ్మం తొక్కగలిగేవాడు కాదు. వచ్చినాయన తెల్ల చొక్కా, జేబులో పెన్ను. మైలవరం అవతల తోట ఉందన్నాడు. ఒక ఆదివారం చర్చకు వచ్చి దేవుళ్ళను, బాబాలను మాకంటే ఘాటుగా దులిపాడు. తను ఇచ్చే పొడిని మందు అనలేదు. దేహం తనను తాను బాగుచేసుకునే శాస్త్రం అన్నాడు. సుగర్ అనేది రోగం కాదు, కంపెనీలు పెట్టిన పేరు అన్నాడు. ఏళ్ళ తరబడి పొద్దునా సాయంత్రం పొట్టలో సూది పొడుచుకుంటున్న మావయ్య పరుపు మీద నిటారుగా కూర్చున్నాడు.

నేను అనుమానించింది మొదట ఆయన చొక్కాను. ఎర్రటి ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషి చొక్కా అంత నలగకుండా ఎలా ఉంటుంది? ఇది వాదన కాదని నాకూ తెలుసు. అందుకే పైకి అనలేదు.

ఆయన మర్నాడు కూడా వచ్చాడు. పరుపు మీద గుడ్డ చూసి, "నాకూ కాస్త వచ్చండీ, మీ అంత కాదనుకోండి" అన్నాడు. కాస్తే వచ్చని వెంటనే తేలింది. గుర్రాన్ని ఒంటరిగా వదిలేశాడు, మావయ్య కొట్టాడు. శకటును వదిలేశాడు, కొట్టాడు. ఒక సాయంత్రం ఏకంగా మంత్రినే మావయ్య గుర్రానికి అందే గడిలో పెట్టి, "అరెరె, చూసుకోలేదండీ. మీ దృష్టి నుంచి ఏదీ తప్పించుకోదు" అన్నాడు. అలా రోజూ ఓడిపోయి, రోజూ రెండు చేతులూ జోడించి వెళ్ళేవాడు. మావయ్య ఆ మధ్య కాలంలో అంత హుషారుగా ఉండటం నేను చూడలేదు. ఆట అయిపోయాక పొడి పొట్లం, దాంతోపాటు మాటలు. మందు మానలేదు, ఆపి చూస్తున్నాను, ఇది ప్రయోగం అన్నాడు మావయ్య మాతో. ఇన్సులిన్ డబ్బా ఫ్రిజ్ తలుపు అరలో అలాగే ఉండిపోయింది. ఒకరోజు ఆ పెద్దమనిషి బుట్టెడు మామిడిపళ్ళు తెచ్చి, "మా తోటవే, భయం లేకుండా తినండి. చెట్టు ఇచ్చింది ఎవరికీ చెడు చేయదండీ" అన్నాడు. గన్నేరు కూడా చెట్టేనండీ అన్నాను నేను. మావయ్య నన్ను కసిరాడు. ఆ ఇంట్లో వాదించినందుకు నన్ను కసరడం అదే మొదలు.

మావయ్య ఎడమ కాలి చిటికెన వేలికి చెప్పు కరిచి పుండు పడింది. అది మానలేదు. కాస్త నల్లబడింది. "లోపలి విషం బయటికి వస్తోందండీ, మంచి గుర్తు" అన్నాడు ఆయన. నేను ఆ సాయంత్రం మావయ్యతో తలపడ్డాను. పుండు మానితే మందు పని చేసినట్టు, ముదిరితే విషం పోతున్నట్టు, ఇక ఆ మందు ఓడిపోయే దారేది అని అడిగాను. ఈ మాటే ఏ బాబా అన్నా మీరు నవ్వి చంపేవారు కాదా అన్నాను. మావయ్య చాలా ప్రశాంతంగా, "ఆయన బాబా కాదు కదమ్మాయ్. దేవుణ్ణి తేలేదు, మంత్రం తేలేదు. నీ దగ్గర ఆయన మీద ఆధారం ఏముంది? చొక్కా తెల్లగా ఉండటమా?" అన్నాడు. నా మనసులో ఉన్నది పట్టేశాడు. అన్ని వేషాలూ కనిపెట్టగలమనుకునే మా బోటివాళ్ళకు మా వేషంలోనే వచ్చినవాడు కనపడడు. వచ్చే ఆదివారం సభ పెట్టి, తాను సూది మానేసిన సంగతి అందరి ముందూ చెబుతానని మావయ్య మాటిచ్చేశాడని కూడా అప్పుడే తెలిసింది. ఆ పెద్దమనిషికి కావలసింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఏ స్వామినీ నమ్మని మావయ్య ఒక పొడిని నమ్మాడంటే, ఊళ్ళో సుగర్ ఉన్నవాళ్ళు ఎంతమంది డబ్బాలు పక్కన పెట్టేస్తారో. కానీ నాకు కళ్ళ ముందు కనపడేది ఆ వేలు ఒక్కటే.

ఇదంతా చాలదన్నట్టు నాకు అత్తయ్య మీద కూడా అనుమానం మొదలైంది. మధ్యాహ్నం మావయ్య నిద్రపోగానే వంటింటి తలుపు దగ్గరగా వేసుకునేది. లోపలి నుంచి జపం చేస్తున్నట్టు సన్నటి గొణుగుడు. కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ దగ్గరికి పరిగెత్తి, ఏదో తీసి ఐసు ముక్కలున్న ఫ్లాస్కులో పెట్టి, కొంగు చాటున అటక మీదికి చేర్చేది. ఏ గుడి తీర్థమో దాచిందనుకున్నాను. మొగుడి కాలు బాగుపడాలని ఏదో మొక్కు మొక్కి ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ తీర్థం మీద కూడా ఒక వ్యాసం రాయొచ్చని అనిపించింది.

ఆవకాయ పెట్టే రోజు తలుపు తోసుకుని వెళ్ళిపోయాను. గట్టు మీద ఒక పక్క ఆవపిండి, కారం కలిపిన బేసిన్. ఇంకో పక్క నలుపు గంధం గళ్ళ గుడ్డ, దాని మీద కొండపల్లి పావులు. అత్తయ్య నూనె చేతులు పైకెత్తి పట్టుకుని, మోచేత్తో చూపిస్తూ ఒక్కొక్క పావునూ అడుగుతోంది, నీకు కాపలా ఎవరు, నీకు కాపలా ఎవరు అని.

"ఇదేంటత్తయ్యా?" అన్నాను.

"తలుపెయ్యి ముందు. ఆ ఘాటు ఆయన ముక్కుకు తగిలితే లేస్తారు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ మైలవరం ఆయన కావాలనే ఓడిపోతున్నాడే" అంది.

"ఎలా తెలుసు?"

"కాఫీ ఇవ్వడానికి వచ్చినప్పుడు చూస్తున్నాగా. ఆట రానివాడు పావును వదిలేశాక గానీ చూసుకోడు. నువ్వు చూడు, వదిలేసి 'అబ్బా' అంటావు. ఈయన పావు పెట్టకముందే మీ మావయ్య మొహం చూస్తాడు. తర్వాత పెడతాడు."

నేను ఇన్ని రోజులూ ఆయన చొక్కా చూస్తూ కూర్చున్నాను. "మావయ్యకు చెప్పకపోయావా?" అన్నాను.

"చెబితే వింటారా? రోజూ గెలుస్తున్న మనిషికి, నువ్వు గెలవడం లేదు అని పెళ్ళాం చెబితే ఏ మగాడన్నా వింటాడుటే? చెప్పకూడదు, చూపించాలి." ఫ్లాస్కు సంగతి అడిగితే నవ్వింది. "తీర్థమా? నీ మొహం. ఆయన సూది మందు. కరెంటు పోతే వేడెక్కి పాడవుతుందిగా. అడిగిన రోజు చేతికివ్వొద్దూ?"

సభకు ముందు రోజు సాయంత్రం ఆ పెద్దమనిషి, రేపు మావయ్య ఏం మాట్లాడాలో మాట్లాడుకుందామని వచ్చాడు. మావయ్య కాలు కుర్చీ మీదికి చాపుకుని ఉన్నాడు. పుండు మీద పసుపు రంగు గుడ్డ, దాని వాసన కప్పెట్టడానికి అగరుబత్తి. అగరుబత్తి ఆ ఇంట్లో వెలగడం కూడా అదే మొదలు. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చి పరుపు మీద కూర్చుంది. "ఇవాళ ఆయనకి ఓపిక లేదుగానీ, నాతో ఒక ఆట ఆడతారా అండీ? కొత్తగా నేర్చుకుంటున్నాను" అంది.

"మీరు కూడానా అమ్మా" అని నవ్వి కూర్చున్నాడు ఆయన. ఈమెకు కూడా కావాలనే ఓడిపోతే? తర్వాత అడిగితే అత్తయ్య ఏమందంటే, అన్ని రోజులు వంగి వంగి దండాలు పెట్టినవాడికి ఎక్కడో ఒకచోట నడుం పట్టేస్తుంది, ఒక్కసారైనా నిటారుగా నిలబడకుండా ఉండలేడు అంది. అలాగే జరిగింది. అత్తయ్య గుర్రాన్ని వదిలేసింది, ఆయన చటుక్కున తీసేశాడు. ఒక బంటు జారింది, తీసేశాడు. ఆయన పావులు మాత్రం ఒకదాని వెనక ఒకటి గోడ కట్టినట్టు నిలబడ్డాయి. ఒక్కటి కూడా ఒంటరిగా లేదు. మావయ్య కుర్చీలోంచి మెడ చాచి ఆ గోడ కేసి చూశాడు.

అప్పుడు అత్తయ్య తన ఏనుగును తీసుకెళ్ళి, ఆయన శకటుకు ఐమూలగా ఎదురుగా, ఏ కాపలా లేని గడిలో పెట్టింది. మావయ్య నోరు తెరవబోయి ఆగిపోయాడు. అది ఆయన పాఠమే, ఆఖరిది. మా అందరినీ పడేసిన ఎర.

ఆ పెద్దమనిషి చెయ్యి శకటు మీదికి వెళ్ళింది, గాల్లోనే ఆగింది. కళ్ళు ఒకసారి తన రాజు దగ్గరికి పోయి, అక్కడి నుంచి అత్తయ్య మంత్రి దగ్గరికి పోయి, తిరిగి వచ్చాయి. చెయ్యి వెనక్కి తీసుకుని చిరునవ్వు నవ్వాడు. "ఊరికే దొరికిందని తీసేసుకుంటే ఎలాగమ్మా? ముందూ వెనకా ఏముందో చూసుకోవద్దూ?" అన్నాడు.

ఆ తర్వాత మావయ్య గొంతు వినపడింది. ఆదివారాలు వినపడే గొంతు, నేను నెల రోజులుగా వినని గొంతు.

"మొన్న మీ మంత్రిని నా గుర్రం కింద పెట్టినప్పుడు వెనక చూసుకోలేదేమండీ?"

"మీ ముందు నేనెంతండీ" అన్నాడు ఆయన, చేతులు జోడిస్తూ.

"ఈ మాటకు కాపలా ఎవరు?" అన్నాడు మావయ్య.

ఆయన ఏదో అన్నాడు. శాస్త్రం అన్నాడు, అనుభవం అన్నాడు, మీ బోటి మేధావి అన్నాడు. ఒక్కొక్క మాటకూ మావయ్య అదే ప్రశ్న వేశాడు, గొంతు పెంచకుండా. చివరికి ఆయన లేచి చెప్పులు వేసుకున్నాడు. వెళ్ళేటప్పుడు చూస్తే, చొక్కా వెనక చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది.

మావయ్య బోర్డు మీది ఆ ఏనుగు కేసి చూస్తూ కూర్చున్నాడు. నేను ఏదో అనబోతే అత్తయ్య కళ్ళతోనే వద్దంది. గెలిచిన వాదన మీద ఇంకో మాట పడెయ్యకుండా ఉండటం మాకెవరికీ చేతకాదు, ఆమెకు వచ్చు. మావయ్య తల ఎత్తకుండానే, "ఆ డబ్బా ఇంకా ఉందా, పారేశావా?" అన్నాడు.

"ఉందండీ. అన్నం పెట్టేస్తాను, తినే ముందు వేసుకోండి" అంది అత్తయ్య. అదేదో రోజూ జరిగే సంగతిలాగే లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది.

మర్నాడు సభ జరిగింది. మావయ్య కుర్చీలో కూర్చునే మాట్లాడాడు. సూది మానేసిన సంగతి చెప్పాడు, ఎందుకు మానేశాడో చెప్పాడు, కాలికి కట్టిన గుడ్డ విప్పి చూపించాడు. ఆ చిటికెన వేలు దక్కలేదు. పాదం దక్కింది. ఆస్పత్రి నుంచి వచ్చాక కొత్తగా ఆట నేర్చుకునేవాళ్ళకు ఆఖరి పాఠం అత్తయ్యే చెప్పాలని కొత్త నియమం పెట్టాడు. ఆమె అప్పటికి కూడా నాతో ఆడితే ఓడిపోయేది. అయినా ఆ ఏనుగును గడిలో పెట్టి, ఎదుటివాళ్ళ చెయ్యి కాదు, కళ్ళు చూస్తూ కూర్చునేది.

బస్సు మంగళగిరిలో ఆగాక ఆ పిల్ల దిగుతూ నా వైపు చూసి, "ఆ సున్నా ఆపేసి ఆడి చూస్తానులెండి" అంది. నన్ను వదిలించుకోవడానికే అని ఉండొచ్చు. అనుమానించాను గానీ సంతోషించాను. మావయ్య పోయి కొన్నేళ్ళయింది. సాగిపోయిన ఆ గళ్ళ గుడ్డ ఇప్పుడు నా దగ్గరే ఉంది, ఒక మూల ఆవకాయ నూనె మరక ఇంకా పోలేదు. కాలం ఎదురుగా కూర్చున్నప్పుడు ఎవరి వెనకా చివరిదాకా నిలిచే కాపలా లేదని ఆ మరక చూసినప్పుడల్లా అనుకుంటాను. ఆయన వెనక మాత్రం ఒక మనిషి ఇంకొన్ని ఎండాకాలాలు నిలబడింది, కరెంటు పోయినప్పుడల్లా ఐసు ముక్కలు మారుస్తూ.